పాటల ముచ్చట: గొంతు దిగిందా, శ్రుతి దిగిందా?

మన ప్రాంతపు పెద్ద వాగ్గేయకారుడి కొత్త ఆల్బమ్ మీద మీ మాట రాయమని పోయిన సంచికలో అడిగాం. మొత్తం ఎనిమిది పాటలు. వాటిలో మూడు పాటలు కేసెట్ల కాలంలో ఆయనే పాడినవి, ఐదు కొత్తవి. ఉత్తరాలు రెండుగా చీలాయి. ‘ఈ వయసులో ఆయన మళ్లీ పాడటమే మా అదృష్టం’ అన్నవారు ఉన్నారు, ‘పాత ఊపు లేదు, ఎందుకు పాడినట్టు’ అన్నవారూ ఉన్నారు. ఆయన ఆరోగ్యం మీద ఊహలు చేసిన భాగాలను అచ్చు వేయడం లేదు. అదే కారణంతో పేరు కూడా పెట్టలేదు. జవాబులకు ముందు ఒక్క మాట: ఎక్కువ ఉత్తరాల్లో గొంతు మీద వేసిన నింద నిజానికి మిక్సింగ్ మీద, అంటే గొంతునూ వాయిద్యాలనూ కలిపిన తీరు మీద పడాల్సింది. గొంతు, శ్రుతి, వాయిద్యాలు, రికార్డింగ్ వేటికవే విడదీసి వింటే చాలా తగాదాలు తేలిపోతాయి.

ప్రశ్న: పాత కేసెట్ల ఆయన పల్లవి ఎత్తుకుంటే ఊరు లేచేది. ఇప్పుడు అదే పాట కిందికి దించి పాడిండు. గొంతు పోయిందా, పాడబుద్ధి కాలేదా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: దించి పాడిన మాట నిజం. ఎంత దించారో హార్మోనియం ఉన్నవారు ఎవరైనా పట్టుకోవచ్చు. పల్లవి చివర ఆయన ఆగే షడ్జాన్ని, అంటే సరిగమల్లోని ‘స’ను, మెట్ల మీద వెతకండి. మొదటి తెల్ల మెట్టు ఒకటి శ్రుతి, పక్క నల్లది ఒకటిన్నర, తర్వాతి తెల్లది రెండు, అలా ఎక్కుతుంది. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర ఉండదు. ఆల్బమ్‌లో మొదటి పాట కేసెట్‌లో ఐదు దగ్గర ఉంటే, ఇప్పుడు మూడులో ఉంది. అంటే నల్లవీ తెల్లవీ కలిపి లెక్కిస్తే మూడు మెట్లు దిగింది. మిగతా రెండు పాత పాటలూ దాదాపు అంతే దిగాయి.

అయితే కేసెట్ చెప్పే శ్రుతిని అలాగే నమ్మకండి. కేసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. ఆ వేగం 6 శాతం పెరిగితే పాట దాదాపు ఒక మెట్టు పైకి పోతుంది. సభల్లో బ్యాటరీ టేప్‌రికార్డర్లతో ఎత్తినవాటిలో ఇది చాలా ఎక్కువ. సెల్లు నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా నడుస్తూ రికార్డవుతుంది. తర్వాత మంచి డెక్‌లో మామూలు వేగంతో వేస్తే గొంతు సన్నబడి, పాట పరుగెత్తుతుంది. కేసెట్ మొదటి పాటకన్నా చివరి పాట శ్రుతి పైన ఉంటే అనుమానించాల్సింది దీన్నే. ఇక డెక్ నుంచి డెక్‌కు కాపీ చేసిన ప్రతిసారీ తేడా పేరుకుంటుంది. మీరు ‘ఐదు’ అని గుర్తుపెట్టుకున్నది అసలు నాలుగున్నరో నాలుగో కావచ్చు. షడ్జం రెండు మెట్ల మధ్య ఎక్కడో పడుతున్నదంటే వేగం తప్పిందని మొదట అనుకోండి, గొంతు సంగతి తర్వాత.

ఆ తేడా తీసేసినా ఒకటి రెండు మెట్ల దిగుడు మిగులుతుంది. దానికి కారణం వయసు. అరవై దాటాక స్వరతంతువుల్లోని కండ పలచబడుతుంది. రెండు అంచులూ పూర్తిగా కలవక మధ్యలోంచి గాలి జారుతుంది. కొత్త పాటల్లో మాట వెంట వినిపించే ఆ గాలి చప్పుడు అదే. స్వరపేటికలోని మృదులాస్థి గట్టిపడుతుంది, పక్కటెముకల సాగుడు తగ్గుతుంది. అందుకే మొదట పోయేవి పై స్వరాలు, ఆ తర్వాత పొడుగు ఊపిరి. కింది, మధ్య స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. ఒకే పాట పాతదీ కొత్తదీ పెట్టుకుని ఊపిరికీ ఊపిరికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. పాతదాంట్లో రెండు పాదాలు ఒక్క ఊపిరిలో పోయేవి, ఇప్పుడు ఒక్కో పాదానికీ ఊపిరి తీస్తున్నారు. పాడబుద్ధి కానివాడు ఐదులోనే మొదలుపెట్టి చరణంలో జారిపోయేవాడు. శ్రుతి దించుకుని చివరి చరణం దాకా మాట చెదరకుండా పాడటం తన గొంతు తెలిసినవాడి పని. ఆ నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం.

ప్రశ్న: మాటలు వినబడతలేవు. డప్పు మీదికి వచ్చి పడుతున్నది. ఆ డప్పు కూడా మిషన్ డప్పు లెక్క ఉన్నది. నేను అన్నది తప్పయితే చెప్పండి. (జనగామ)

జవాబు: తప్పు కాదు. ఆల్బమ్‌లో మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

ముందు డప్పు సంగతి. మనిషి కొట్టే డప్పులో కుడిచేతి చిర్ర దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల దెబ్బ ఏ రెండూ ఒక్కలా ఉండవు. చర్మం వేడి మీద ఉన్నప్పుడు మోత కణకణలాడుతుంది, చల్లబడితే, తేమ పట్టితే బొద్దుగా అవుతుంది. నాలుగో పాటలో రెండో నిమిషం దగ్గర వచ్చే ఉరుకు దెబ్బ వినండి. ఎనిమిది ఆవర్తాల తర్వాత అదే దెబ్బ, అంతే గట్టిగా, అదే చిన్న తొట్రుపాటుతో మళ్లీ వస్తుంది. తొట్రుపాటు కూడా తిరిగి వచ్చిందంటే అది ముక్క కోసి అతికించిన లూప్. ఆరో పాటలోది ఎలక్ట్రానిక్ ప్యాడ్ మీద వాయించింది. మొదటి పాటలో, ఏడో పాటలో మాత్రం నిజం డప్పే ఉంది. ఆ రెండూ ఊపిరి పోసుకున్నట్టు ఉండటానికి సగం కారణం అదే.

స్టూడియోలో మంట పెట్టలేరు. అక్కడ డప్పు వాయించాలంటే మధ్యమధ్య బయటికి తీసుకెళ్లి కాగబెట్టుకు రావాలి. వానకాలమైతే మరీ. గంటల లెక్కన అద్దె కట్టే నిర్మాత లూప్ వైపు మొగ్గేది అందుకే. ఫైబర్ డప్పును కాగబెట్టే అవసరం లేదు, కానీ దాని మోత పలచన, మేకతోలు గంభీరం రాదు. నలుగురు డప్పు కళాకారులను పిలిచి, ఒక్క పూటలో లయ మొత్తం ముందే రికార్డు చేసుకుని, గొంతు తర్వాత ఎక్కించి ఉంటే ఖర్చూ పెరిగేది కాదు.

ఇక మాటలు మునగడం. క, చ, ట, ప లాంటి హల్లులు స్పష్టంగా వినబడాలంటే సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య చోటు ఖాళీగా ఉండాలి. డప్పు అంచు దెబ్బ పదును కూడా అక్కడే ఉంటుంది. గాలి చేరిన పెద్ద వయసు గొంతులో హల్లులు ముందే మెత్తబడి ఉంటాయి. పైన డప్పు పడితే మాట మునుగుతుంది. గొంతు ఉన్నచోట డప్పులో ఆ భాగాన్ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, డప్పు బలం పోదు, మాట తేలుతుంది. ఇక్కడ చేసింది దానికి ఎదురు. పాట మొత్తాన్ని గట్టిగా వినిపించాలని దెబ్బల కొసలను నరికి అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చారు. దాంతో లాభమూ రాలేదు. కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. కంటెంట్ లౌడ్‌నెస్ అనే చోట 5 డెసిబెల్స్ అని ఉంటే, ఆ పాట యూట్యూబ్ పెట్టుకున్న ఎత్తుకన్నా అంత గట్టిగా ఉందని, యూట్యూబే దాన్ని అంత తగ్గించి వినిపిస్తున్నదని అర్థం. అంటే దెబ్బల కొసలు పోయాయి, గట్టిదనమూ మిగల్లేదు.

ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పవద్దు. అందులో డప్పు అడుగు మోత దాదాపు రాదు, అంచు చప్పుడే వస్తుంది. వైరు ఇయర్‌ఫోన్ పెట్టి, ఫోన్‌లోని బాస్ బూస్ట్, సరౌండ్ లాంటివన్నీ ఆపి ఒక్కసారి వినండి. మీరు పోగొట్టుకున్న మాటల్లో కొన్ని తిరిగి దొరుకుతాయి. అన్నీ దొరకవు.

ప్రశ్న: ఐదు కొత్త పాటల్లో రెండింటిని పుస్తకాల భాషలో రాసిండు. ‘అచ్చిండు’ అనేటాయన ‘వచ్చాడు’ అంటున్నడు. తాళం కోసం మార్చి ఉంటడని మా మిత్రుడు వాదిస్తున్నడు. (జగిత్యాల)

జవాబు: మీ మిత్రుడి వాదన ఆ మాట దగ్గర నిలవదు. మాత్రలు లెక్కపెట్టండి, గురువుకు రెండు, లఘువుకు ఒకటి. ‘వచ్చాడు’లో ద్విత్వానికి ముందున్న ‘వ’ గురువు, ‘చ్చా’ గురువు, ‘డు’ లఘువు, మొత్తం ఐదు. ‘అచ్చిండు’లో ‘అ’ గురువు, ‘చ్చిం’ గురువు, ‘డు’ లఘువు, అదీ ఐదే. తాళం రెండింటినీ ఒకేలా మోస్తుంది.

అసలు చిక్కు మూడో కొత్త పాట రెండో చరణంలో ఉంది. అక్కడ ‘పోతుండు’ అనాల్సిన చోట ‘పోతున్నాడు’ అన్నారు. మొదటిది ఐదు మాత్రలు, రెండోది ఏడు. నడక ఖండగతి, అంటే ఐదేసి మాత్రల విరుపు. ఏడును ఐదులో ఇమడ్చడానికి ‘తున్నా’ను నమిలి మింగాల్సి వచ్చింది. విన్నప్పుడు ఆ పాదం తడబడినట్టు అనిపించేది అందుకే, గొంతు బలహీనత కాదు. ఎవరో పెద్దమనిషి ‘అందరికీ అర్థం కావాలి’ అని సలహా ఇచ్చి మార్పించినట్టు అనిపిస్తుంది. జనం పలుకుబడే రాత కావాలని కాళోజీ జీవితమంతా కొట్లాడిన ఓరుగల్లులో, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రంలో ఆ భయం పనిలేనిది. విజయవాడ వాళ్లకూ ‘పోతుండు’ అర్థమవుతుంది.

పాట రాసేవాడిగా చూస్తే, ఐదింటిలో చెరువు మీద రాసినదీ, వలసపోయిన కొడుకు కోసం తల్లి పాడేదీ ఆయన మంచి పాటల పక్కన నిలుస్తాయి. ఆ రెండూ పూర్తిగా ఇంటి మాటలోనే ఉన్నాయి. చెరువు పాటలో తూము, మత్తడి (అలుగు), శిఖం (చెరువు లోపలి నేల) అని ఒక్కో పేరు తీసుకుని చరణాన్ని ముందుకు నడిపించారు. ఐదో పాట మాత్రం నినాదం దాటలేదు. అందులో చూడటానికి ఒక్క వస్తువు కూడా లేదు.

ప్రశ్న: స్టేజీ మీద పావుగంట పాడే పాటను నాలుగు నిమిషాలు చేసిండ్రు. అన్యాయం కాదా? (మహబూబాబాద్)

జవాబు: పావుగంటలో పాట సగం ఉంటే, చరణాల మధ్య ఆయన చెప్పే మాట, వంతవాళ్ల తిప్పుడు, జనం చప్పట్లు సగం. జనం లేని గదిలో అదంతా పెడితే వెలవెలపోతుంది. కాబట్టి కుదించడం తప్పు కాదు. కానీ ఆరు చరణాల్లో మూడు తీసేసినప్పుడు కథ తెగకుండా చూడాలి. తీసేసిన నాలుగో చరణంలోనే కొడుకు ఊరు విడిచిపోతాడు, అది లేక ఐదో చరణంలో తల్లి ఏడుపు ఎందుకో కొత్తవారికి తెలియదు. అక్కడ మీతో ఏకీభవిస్తాం.

ప్రశ్న: ఆటోట్యూన్ వాడిండ్రని మా సంగీతం సార్ అంటున్నరు. ఎట్ల తెలుసుకోవాలె? (కరీంనగర్)

జవాబు: రాగం తీసేచోట వినండి. జానపద గొంతు ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతూ పోతుంది, మధ్యలో హార్మోనియం మెట్లకు అందని చోట్ల కూడా ఆగుతుంది. 1997లో వచ్చిన ఆటోట్యూన్ గానీ, తర్వాత వచ్చిన అలాంటి పనిముట్లు గానీ గొంతును దగ్గరి మెట్టు మీదికి లాగుతాయి. లాగే వేగాన్ని సున్నా మిల్లీసెకన్ల దగ్గర పెడితే జారుడు కాస్తా మెట్లుమెట్లుగా విరిగి మరగొంతు వస్తుంది. నెమ్మదిగా పెడితే మామూలు చెవికి దొరకదు.

ఈ ఆల్బమ్‌లో రెండో పాటా ఎనిమిదో పాటా పాదాంతాల్లో ఆ విరుపు స్పష్టం. ఇంకో గుర్తు కూడా ఉంది. వయసు మీద పడిన గొంతులో నిలబెట్టిన స్వరం కొంచెం నెమ్మదిగా ఊగుతుంది. ఆ ఊగు ఎనిమిదో పాట చివర ఒక్కసారిగా మాయమై గీత గీసినట్టు నిలిచిపోతుంది. మిగతా పాటలను చాలావరకు ముట్టుకోలేదు, అక్కడక్కడా చిన్న అపశ్రుతులు అలాగే ఉన్నాయి. మాకు అవే ఇష్టం. గాయకుడి జారుడును సరిచేయాల్సిన తప్పుగా చూసిన ఇంజినీరు ఒగ్గుకథ ఎన్నడూ వినలేదేమో. ఒగ్గుకథలు సాగే ఐనవోలు మల్లన్న జాతరలో ఒక్క రాత్రి కూర్చుంటే ఏ స్వరం ఎందుకు జారుతుందో తెలుస్తుంది.

ప్రశ్న: పాత పాటలు మళ్లీ పాడి అమ్ముకునుడు ఎందుకు? పాత కేసెట్లనే నెట్‌లో పెట్టొచ్చు గదా. ఇంకొకటి, ఆ పాటలు మేము పాడి యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చునా? (నర్సంపేట)

జవాబు: పాట ఒక ఆస్తి, రికార్డింగ్ ఇంకో ఆస్తి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు దాన్ని తీసిన నిర్మాతది, అంటే కేసెట్ కంపెనీది. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. మాట, బాణీ హక్కు రాసినవారికి బతికున్నంతకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు. అందుకే తన పాతగొంతు ఉన్న కేసెట్‌ను ఆయన సొంతంగా నెట్‌లో పెట్టలేకపోవచ్చు. పాట హక్కు రాసి ఇవ్వకపోతే అదే పాటను కొత్తగా పాడి పెట్టుకోవచ్చు. 2012 సవరణ తర్వాత రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా హక్కును ఎవరూ రాయించుకుని లాగేయడానికి వీల్లేదు. దాన్ని వసూలు చేసి పంచేది 1969లో ఏర్పడిన ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. పల్లె కళాకారులు చాలామంది అందులో సభ్యులుగా చేరకపోవడం పెద్ద నష్టం.

మీరు పాడాలంటే ఆయన నుంచి ఒక కాగితం మీద అనుమతి తీసుకోండి. పాట పేరు, ఎక్కడ పెడతారు, ఆదాయం వస్తే వాటా ఎంత అన్నవి అందులో ఉండాలి. వాయిద్యాలు మీవే అయి ఉండాలి. ఆల్బమ్‌లోని ట్రాక్ మీద పాడితే రికార్డింగ్ యజమాని వీడియో తీయించవచ్చు. బాణీ ఊరి ఉమ్మడిదే కావచ్చు, దానిమీద ఆయన రాసిన మాటలు మాత్రం ఆయనవే. వివరణలో మొదటి వరుసలోనే పేరు రాయండి.

ప్రశ్న: మా ఇంట్ల ఆయన పాత కేసెట్లు పదిహేను దాకా ఉన్నయి. కొన్నిటికి తెల్లగ బూజు పట్టింది. కంప్యూటర్‌లకు ఎక్కించుడెట్ల? (భూపాలపల్లి)

జవాబు: బూజు పట్టినదాన్ని డెక్‌లో వేయకండి. బూజు టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాత వేసే మంచి కేసెట్లకూ పాకుతుంది. వాటిని విడిగా పొడిచోట, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టి, చివరికి ఆపండి. టేపు శుభ్రం చేయడం తెలిసినవారితోనే వాటిని చేయించాలి.

మిగతావాటికి ముందు డెక్ శుభ్రం చేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి హెడ్, టేపును లాగే ఇనుప కడ్డీ తుడవండి. పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. రబ్బరు చక్రానికి తడిబట్ట చాలు, ఆల్కహాల్‌తో రబ్బరు పగులుతుంది. కేసెట్ తీసి మధ్యలో ఉన్న చిన్న స్పాంజి దిండు ఊడిందేమో చూడండి. అది లేకపోతే టేపు హెడ్‌కు ఆనక గొంతు మసకబారుతుంది. చాలామంది ఆ మసకను చూసి కేసెట్ పోయిందని పారేస్తారు. ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చుట్టి అప్పుడు వేయండి.

కంప్యూటర్‌కు వెళ్లే తీగను డెక్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కాకుండా లైన్ ఔట్ అని ఉన్న రంధ్రం నుంచి తీసుకోండి. రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది సరిపోతుంది. అందులో 48,000 హెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్ అని ఎంచుకోండి. అతి గట్టిచోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. దాటి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. స్స్ అనే శబ్దం మందంగా ఉంటే హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మరమేకును కొద్దికొద్దిగా తిప్పుతూ, తాళాల చప్పుడు అతి స్పష్టంగా వచ్చినచోట ఆపండి. హోరు తగ్గించేటప్పుడు 6 నుంచి 9 డెసిబెల్స్ దాటవద్దు. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. వేగం సరిచేయాల్సి వస్తే వేగమూ శ్రుతీ కలిసి మారే ఆప్షనే వాడండి, శ్రుతి ఒక్కటే మార్చేది కాదు. ఏమీ ముట్టని మొదటి ఫైల్‌ను వేరే డిస్క్‌లో దాచండి. కేసెట్ రెండు వైపులా అట్టనూ ఫొటో తీసి ఫైల్‌తో పాటు పెట్టండి, వాయిద్యకారుల పేర్లు తరచూ అక్కడే ఉంటాయి.

ప్రశ్న: మా యువజన సంఘం ఆయనను పిలిచి హాల్‌లో సభ పెట్టాలనుకుంటున్నది. ఆల్బమ్ విని నిరాశపడ్డవాళ్లు కూడా వస్తరు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలె? (హనుమకొండ)

జవాబు: మంచి ఆలోచన. స్టూడియో పాడుచేసినదాన్ని హాల్ బాగుచేయగలదు.

మైకు పెదవులకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. గాలి చేరిన గొంతుకు దూరం పనికిరాదు. ముందువైపు శబ్దాన్నే పట్టే మామూలు డైనమిక్ మైకు చాలు, 100 హెర్ట్జ్ కింద కోసేయమని సౌండ్ ఆపరేటర్‌కు చెప్పండి. ఎకో పూర్తిగా ఆపించండి. మన దగ్గర ఆపరేటర్లు అడగకుండానే ఎకో కలుపుతారు, మాట మీద మాట పడి చరణం అర్థం కాదు. ఆయన కాళ్ల దగ్గర మానిటర్ స్పీకర్ ఒకటి పెట్టి అందులో ఆయన గొంతూ శ్రుతీ మాత్రమే వేయండి. తన గొంతు తనకు వినబడకపోతే ఏ గాయకుడైనా అరుస్తాడు, వయసు గొంతు పది నిమిషాల్లో అలిసిపోతుంది. డప్పులు ఎనిమిది పది అడుగులు వెనక, పక్కగా నిలవాలి. చిన్న హాలయితే వాటికి మైకు వద్దు. కాగబెట్టుకోవడానికి బయట ఆవరణలో చోటు, ఒక మనిషి ముందే ఏర్పాటు చేయండి, హాల్ వాళ్ల అనుమతితో.

ఏసీ గాలి నేరుగా ముఖం మీద పడకూడదు. గోరువెచ్చని నీళ్లు చేతికందేలా ఉండాలి. మైకు ఎక్కేముందు పది పదిహేను నిమిషాలు ఆయనను ఒంటరిగా వదిలేయండి, కూనిరాగంతో గొంతు వేడెక్కాలి. ఆ సమయంలో సన్మానాలూ సెల్ఫీలూ పెట్టవద్దు. నలభై నిమిషాలు పాడాక విరామం ఇవ్వండి, పెద్దల ఉపన్యాసాలన్నీ ఆ విరామంలోకే జరపండి. పై స్వరాలున్న పాటను మొదట కాకుండా మూడోదిగానో నాలుగోదిగానో పెట్టమని అడగండి.

వంతవాళ్లను ముందురోజే పిలిచి మూడు శ్రుతిలో రెండుసార్లు పాడించండి. పాత కేసెట్ వింటూ పెరిగిన వంతగాళ్లు పల్లవి అందుకోగానే అలవాటుగా ఐదుకు లాగేస్తారు. అప్పుడు ఆయన వాళ్ల వెంట ఎక్కలేక చరణం మధ్యలో ఆగాల్సి వస్తుంది.